విజయనగరం నగర సందర్శన

విజయనగరం ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలోని ఉత్తర కోస్తా ప్రాంతానికి చెందిన నగరము, అదే పేరుగల జిల్లాకు ముఖ్యపట్టణము. ఇది పూసపాటి వంశీయుల సంస్థానానికి రాజధానిగా ఉండెను. శ్రీకాకుళం, రాజాం, బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం ప్రాంతాల నుండి హైదరాబాదు, విజయవాడ మొదలగు దూరప్రాంతాలకు రాత్రి బస్సులలో ప్రయాణించేవారు అనేకులు ఇక్కడకు ముందుగానే చేరుకొని, బస్సు సమయం వరకు వేచియుంటారు. అట్టివారు సాధారణంగా ఆ పగలంతా ఆర్టీసీ బస్‌స్టేషన్‌లోనే గడుపుతారు. ఈ బస్‌స్టేషన్‌ను స్థానికులు "కాంప్లెక్స్" అని పిలుస్తారు. అయితే నగరంలోని ముఖ్యమైన చారిత్రక ప్రదేశాలు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నందున, ఉదయం నుండి సాయంకాలం వరకు తీరికగా నడుస్తూ వాటిలో చాలావరకు చూడవచ్చును. ఒక పగటిపూటలో చూడదగిన ప్రదేశాలు, వాటి చరిత్ర, రాత్రి ప్రయాణ వివరాలు ఈ వ్యాసంలో ఇవ్వబడినవి.

పేరు, నేపథ్యం

ఈ నగరానికి, తుంగభద్రా తీరాన హంపీ రాజధానిగా వెలసిన విజయనగర సామ్రాజ్యానికి సంబంధం లేదు. పూసపాటి వంశానికి చెందిన విజయరామరాజు పేరు మీద ఈ ఊరికి విజయనగరం అనే పేరు వచ్చినది. అంతకు పూర్వం వీరి నివాసం కుమిలి గ్రామంలో ఉండేది. 1713లో ఇక్కడ కోటకు శంకుస్థాపన జరిగినది. ఈ శంకుస్థాపనలో ఐదు "విజయాలు" కలిసివచ్చినవని చెబుతారు. అవి:

* విజయరామరాజు అనే రాజు పేరు
* విజయనగరం అనే ఊరి పేరు
* విజయ నామ సంవత్సరం
* విజయదశమి పర్వదినం
* జయవారమని పిలువబడే మంగళవారం

కోటకు ఈ స్థలాన్ని సూచించినవాడు అప్పట్లో ఇక్కడి అడవిలో తపస్సు చేసుకొనుచున్న మహబూబ్ వలీ అనే ముస్లిం సాధువు అని ఒక ఐతిహ్యం కలదు.

ఈ సంస్థాన చరిత్రలో రెండు యుద్ధాలు ముఖ్యమైనవి. మొదటిది 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధం. ఇందులో ఫ్రెంచి సేనాని బుస్సీ విజయనగరం పక్షాన నిలిచెను. బొబ్బిలి కోట పతనమైన తరువాత తాండ్ర పాపారాయుడు విజయనగర ప్రభువైన పెద విజయరామరాజును ఆయన గుడారంలోనే సంహరించెను. రెండవది 1794 జూలై 10న జరిగిన పద్మనాభ యుద్ధం. ఈస్టిండియా కంపెనీ సేనలతో జరిగిన ఈ యుద్ధంలో చిన విజయరామరాజు మరణించెను. యుద్ధం జరిగిన పద్మనాభం గ్రామం ప్రస్తుతం విశాఖపట్నం జిల్లాలో ఉన్నది. ఈ యుద్ధం తరువాత సంస్థానం కంపెనీకి పూర్తిగా లోబడిన జమీందారీగా మారినది. తరువాతి తరాల ప్రభువులు తమ ధనాన్ని విద్యకు, సంగీతసాహిత్యాలకు వెచ్చించిరి. నేటి సందర్శకునకు నగరంలో కనిపించే గుర్తులలో ఎక్కువ భాగం ఈ రెండవ దశకు చెందినవే.

విజయనగరం పురపాలక సంఘం 1888లో ఏర్పడినది. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడినది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో పార్వతీపురం కేంద్రంగా పార్వతీపురం మన్యం జిల్లా వేరుపడినది.

సందర్శన క్రమం

ఉదయం ఎండ ముదరకముందే గంటస్తంభం, మూడు లాంతర్ల కూడలి, పైడితల్లి అమ్మవారి గుడి, కోట చూసుకొనుట అనుకూలం. మధ్యాహ్న భోజనానంతరం గురజాడ గృహం, సంగీత కళాశాల చూడవచ్చును. సాయంకాలం చెరువుగట్టున కొంతసేపు గడిపి కాంప్లెక్సుకు తిరిగి చేరుకొనవచ్చును. నడవలేనివారికి ఆటోలు విరివిగా దొరుకుతాయి. పెద్ద సామాను ఉన్నవారు దానిని బస్‌స్టేషన్‌లో గాని, రైల్వేస్టేషన్‌లో గాని భద్రపరచే వీలున్నదేమో ముందుగా అడిగి తెలుసుకొనుట మంచిది. సందర్శనకు నవంబరు నుండి ఫిబ్రవరి వరకు వాతావరణం అనుకూలంగా ఉంటుంది.

గంటస్తంభం

నగరం నడిబొడ్డున ఉన్న గంటస్తంభం 1885లో నిర్మించబడినది. ఎనిమిది ముఖాలు కలిగిన ఈ రాతి కట్టడం ఎత్తు 68 అడుగులు. లండన్‌లోని బిగ్ బెన్ గడియారం దీనికి ప్రేరణ అని చెబుతారు. ఇంటింటా గడియారాలు లేని రోజులలో బడులు, కచేరీలు, అంగళ్ళు ఇటువంటి గంటస్తంభాల గంటలను బట్టే నడిచేవి. దీని చుట్టూ ఉన్న వీధులు నగరంలోని ముఖ్య వ్యాపారకేంద్రం. బట్టలు, బంగారం, పూలు, పూజాసామగ్రి అమ్మే దుకాణాలు ఇక్కడ ఉన్నవి. చుట్టుపక్కల పల్లెల నుండి పెళ్ళి సరుకులకు వచ్చేవారితో ఈ వీధులు ఎల్లప్పుడూ రద్దీగా ఉంటాయి.

మూడు లాంతర్లు

కోటకు సమీపంలో ఉన్న కూడలికి మూడు లాంతర్లు అని పేరు. రాత్రివేళ దారి చూపుటకై సంస్థానకాలంలో ఇక్కడ మూడు దీపాలతో ఒక స్తంభం నెలకొల్పబడినది. విద్యుద్దీపాలు రాకముందు చీకటిలో ఊరు చేరే బాటసారులకు ఇది గుర్తుగా ఉండేది. 2020 మే నెలలో కూడలి సుందరీకరణ పనులలో భాగంగా ఈ పాత కట్టడాన్ని తొలగించిరి. దీనిపై నగరవాసుల నుండి, చరిత్రాభిమానుల నుండి తీవ్ర నిరసన వ్యక్తమైనది. పాత స్తంభం పోయినను, ఆటోవారికి "మూడు లాంతర్లు" అని చెప్పినచో నేటికీ ఈ కూడలికే తీసుకొనివస్తారు.

పైడితల్లి అమ్మవారి గుడి

మూడు లాంతర్ల కూడలి వద్ద ఉన్న గుడిని చదురుగుడి అని, రైల్వేస్టేషన్ సమీపంలోని గుడిని వనంగుడి అని పిలుస్తారు. రెండింటిలోను కొలువైన దేవత పైడితల్లి అమ్మవారే. ఈమె విజయనగరానికి ఇలవేల్పు. స్థానిక ఐతిహ్యం ప్రకారం ఈమె పెద విజయరామరాజునకు సోదరి. బొబ్బిలితో యుద్ధం వద్దని అన్నగారిని వారించినదనియు, ఆయన మరణవార్త విని పెద్దచెరువులో ఐక్యమైనదనియు, తరువాత ఆ చెరువులోనే విగ్రహరూపంలో దొరికినదనియు చెబుతారు.

విజయదశమి తరువాత వచ్చే మంగళవారం నాడు సిరిమానోత్సవం జరుగుతుంది. ఈ ఉత్సవానికి ఎంపిక చేసిన పొడవైన చింతమానును చెక్కి, దాని కొసన ఆసనం అమర్చుతారు. పూజారి అమ్మవారి ప్రతిరూపంగా ఆ ఆసనంపై కూర్చుండగా, మానును గుడికి కోటకు మధ్య మూడు పర్యాయాలు త్రిప్పుతారు. దాని ముందు పాలధార, అంజలి రథం, బెస్తవారి వల, తెల్ల ఏనుగు సాగుతాయి. పూసపాటి వంశీయులు కోట బురుజుపై నుండి ఉత్సవాన్ని తిలకించుట ఆచారం. ఉత్తరాంధ్ర జిల్లాల నుండే గాక ఒడిషా నుండి కూడ లక్షలాదిగా భక్తులు వస్తారు. ఆనాడు నగరంలో వాహనాల రాకపోకలపై ఆంక్షలు ఉంటాయి. కనుక ఆ రాత్రి బస్సుకు వెళ్ళవలసినవారు చాలా ముందుగా బయలుదేరవలెను.

కోట

విజయనగరం కోట చతురస్రాకారంలో, ఒక్కొక్క వైపు సుమారు 240 మీటర్ల పొడవున ఉన్నది. గోడల ఎత్తు దాదాపు 10 మీటర్లు. నాలుగు మూలల బురుజులు ఉన్నవి. పూర్వం కోట చుట్టూ కందకం ఉండేది. ప్రధాన ద్వారాన్ని నగారాఖానా అంటారు. ముఖ్యులైన అతిథులు వచ్చినపుడు, రాజాజ్ఞలు ప్రకటించునపుడు దీనిపై నుండి నగారా మ్రోగించేవారు. ద్వారంపై రాజస్థానీ శిల్పరీతి కనిపిస్తుంది. పడమటి ద్వారం ఇంతకంటె చిన్నది, రాజకుటుంబీకుల సమాధుల వైపునకు దారితీస్తుంది.

కోటలో రాజభవనాలను చూడవచ్చునని వచ్చినవారికి కనిపించేది విద్యార్థుల సందడి. సంస్థానపు చివరి వారసులలో ఒకరైన పూసపాటి విజయరామ గజపతి రాజు 1958లో తన తండ్రి అలక్ నారాయణ గజపతి పేర మాన్సాస్ అనే విద్యాసంస్థను స్థాపించి, కోటను విద్యావసరాలకు ఇచ్చిరి. ఆయన పి.వి.జి.రాజుగా ప్రసిద్ధులు. ఒకప్పుడు సేనలను నిలిపిన ప్రాంగణంలో ఇప్పుడు కళాశాలలు నడుస్తున్నవి. కోటను చూడగోరువారు తరగతులకు భంగం కలుగకుండ, ద్వారం వద్ద అనుమతి అడిగి లోపలికి వెళ్ళవలెను.

కోటలోని దర్బారు భవనమైన మోతీమహల్‌లో కొంతకాలం ప్రదర్శనశాల ఉండేది. తరువాతి కాలంలో ఈ భవనం కూల్చివేయబడినది. ఔధ్‌ఖానా వద్ద రాజకుటుంబీకుల స్నానాలకై నిర్మించిన ఎనిమిది ముఖాల రాతికట్టడం ప్రత్యేకమైనది. పైకి మెలికలు తిరిగిన మెట్లు ఉన్నవి.

బొంకులదిబ్బ

కోటకు సమీపంలోని ఈ ప్రదేశం తెలుగు సాహిత్యం చదివినవారందరికీ పరిచితం. గురజాడ అప్పారావు రచించిన కన్యాశుల్కం నాటకంలోని తొలి రంగం ఇక్కడే జరుగుతుంది. ఒక సాయంకాలం, ఊరు విడిచిపోవుటయే మేలని తలపోసే గిరీశంతో ఆ రంగం ప్రారంభమవుతుంది. రాత్రి బస్సు కొరకు వేచియున్న ప్రయాణీకునకు ఈ దృశ్యం సహజంగానే గుర్తుకు వస్తుంది. నాటకంలో పేర్కొన్న నాటి పరిసరాలు ఇప్పుడు లేవు. చుట్టూ దుకాణాలు, వాహనాలు మాత్రమే కనిపిస్తాయి. నాటకం చదివి వచ్చినవారికే ఈ స్థలంలో చూడదగినది ఉంటుంది.

గురజాడ గృహం

గురజాడ అప్పారావు 1862 సెప్టెంబరు 21న నేటి అనకాపల్లి జిల్లాలోని సర్వసిద్ధి రాయవరంలో జన్మించి, జీవితంలో అధికభాగం విజయనగరంలో గడిపిరి. మహారాజా కళాశాలలో అధ్యాపకులుగాను, ఆనందగజపతి మహారాజు ఆస్థానంలోను పనిచేసిరి. కన్యాశుల్కం 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శించబడినది, 1897లో ముద్రింపబడినది. నేడు ప్రచారంలో ఉన్న విస్తృతమైన పాఠం 1909లో వెలువడిన రెండవ కూర్పునకు చెందినది. ఆయన 1915 నవంబరు 30న మరణించిరి.

ఆయన నివసించిన ఇల్లు స్మారక గృహంగా భద్రపరచబడినది. ఆయన ఉపయోగించిన వస్తువులు, ఛాయాచిత్రాలు ఇక్కడ చూడవచ్చును. రాజభవనం వంటి ఆడంబరం ఏదియు ఈ ఇంటిలో లేదు. ఒక మధ్యతరగతి ఉద్యోగి ఇల్లు వలె ఉంటుంది. వ్యావహారిక భాషోద్యమానికి నాయకుడైన గిడుగు రామమూర్తి విజయనగరంలో చదువుకొనే రోజులలో గురజాడకు సహాధ్యాయి. నేటి శ్రీకాకుళం జిల్లాలోని పర్వతాలపేటలో పుట్టిన గిడుగు, విజయనగరం చేరిన గురజాడ, ఒకే బడిలో కలిసిన ఫలితం తెలుగు భాష గమనాన్నే మార్చినది. కథారచయిత చాగంటి సోమయాజులు (చాసో) కూడ ఈ నగరంలోనే నివసించి కథలు వ్రాసిరి.

సంగీత కళాశాల

మహారాజా ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల 1919లో విజయరామ గజపతిరాజు చేత స్థాపించబడినది. ఆస్థానోద్యోగి యొక్క అంధుడైన కుమారునకు సంగీతం నేర్పించవలెనను ఆలోచన నుండి ఈ పాఠశాల పుట్టినదని చెబుతారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దీనికి తొలి అధ్యక్షులు. వాయులీన విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు ప్రారంభం నుండి ఆచార్యులుగా ఉండి, 1936లో అధ్యక్షులైరి.

ఈ కళాశాల విద్యార్థులలో ఘంటసాల వెంకటేశ్వరరావు, పి.సుశీల సినీగాయకులుగా దేశమంతట ప్రసిద్ధులైరి. కృష్ణా తీరం నుండి బాలుడుగా వచ్చిన ఘంటసాల భోజనవసతి కోల్పోయిన రోజులలో జోలె పట్టి ఇంటింటా మధూకరం ఎత్తుకొని చదువు సాగించెను. పట్రాయని సీతారామశాస్త్రి ఆయనకు ప్రతిఫలం ఆశింపక విద్య నేర్పిరి. రాజు కట్టించిన బడితో పాటు, తెలియని ఇంటివారు పెట్టిన పిడికెడు అన్నం కూడ ఈ నగర సంగీత చరిత్రలో భాగమే. మధ్యాహ్నవేళ కళాశాల సమీపానికి వెళ్ళినవారికి సాధన చేయుచున్న విద్యార్థుల స్వరాలు, మృదంగనాదం వినిపించే అవకాశం ఉన్నది.

భోజన ఫలహారాలు

నగరంలో శాకాహార, మాంసాహార భోజనశాలలు అనేకం ఉన్నవి. ఉదయం ఫలహారానికి ఇడ్లీ, పెసరట్టు, ఉప్మా సులభంగా లభిస్తాయి. వెంట తీసుకొనివెళ్ళుటకు భీమాళి తాండ్ర ప్రసిద్ధమైనది. మామిడిపండ్ల రసాన్ని చాపలపై పొరలు పొరలుగా పోసి, ఎండబెట్టి తాండ్ర తయారుచేస్తారు. భీమాళి ఈ జిల్లాలోని గ్రామం. తాండ్ర త్వరగా చెడిపోదు కనుక దూరప్రయాణానికి అనువైనది.

చెరువులు

పెద్దచెరువు, అయ్యకోనేరు నగరంలోని ముఖ్య జలాశయాలు. పెద్దచెరువు పైడితల్లి అమ్మవారి కథతో ముడిపడియున్నది. సాయంకాలం ఎండ తగ్గిన తరువాత అయ్యకోనేరు గట్టున నగరవాసులు సేదదీరుతారు. రోజంతా నడచినవారికి ఇది విశ్రాంతి స్థలం.

అదనపు సమయం ఉన్నవారికి

* రామతీర్థం: నెల్లిమర్ల మండలంలోని పుణ్యక్షేత్రం. రామాలయంతో పాటు గురుభక్తులకొండపై బౌద్ధ ఆరామ శిథిలాలు ఉన్నవి. జైన మత అవశేషాలు కూడ ఈ పరిసరాలలో కనుగొనబడినవి.
* కోరుకొండ సైనిక పాఠశాల: సంస్థానపు కోరుకొండ ప్యాలెస్‌లో 1962లో ప్రారంభమైనది.
* రామనారాయణం: కోరుకొండ మార్గంలో ధనుస్సు ఆకారంలో నిర్మించిన ఆలయ సముదాయం. 2014లో ప్రారంభమైనది.

ఈ మూడును ఊరి వెలుపల ఉన్నందున నగరంలోని ప్రదేశాలతో పాటు ఒకే పగటిలో అన్నియు చూడబూనుట తొందరపాటు అవుతుంది. ఏదైన ఒకటి ఎన్నుకొనుట మంచిది.

కట్టడాల పరిరక్షణ

పైన పేర్కొన్న ప్రదేశాలను వరుసగా చూసినచో ఒక విషయం స్పష్టమవుతుంది. బడిగా మారిన కోట, పాఠం సాగుతున్న సంగీత కళాశాల, అంగళ్ళ నడుమ నిలిచిన గంటస్తంభం నిత్యజీవితంలో భాగమైనందున నేటికీ నిలిచియున్నవి. అయితే వాడుకలో ఉండుట మాత్రమే రక్షణ కాదు. నిత్యం వేలాది ప్రజలు తిరిగే కూడలిలో ఉన్న మూడు లాంతర్ల స్తంభం, విద్యాసంస్థల నడుమ ఉన్న మోతీమహల్ కూడ కనుమరుగైనవి. రహదారి వెడల్పు, మరమ్మత్తు ఖర్చు, కొత్త భవనాల అవసరం ఇటువంటి తొలగింపులకు సాధారణంగా చూపబడే కారణాలు. పాత కట్టడాన్ని రక్షించుటకు దాని వయస్సు, యాజమాన్యం, ప్రాముఖ్యం ముందుగా నమోదై ఉండవలెను. కూల్చిన తరువాత మిగిలేది పేరు మాత్రమే. విద్యార్థులు తమ ఊరి పాత కట్టడాల కొలతలు, ఛాయాచిత్రాలు, పెద్దలు చెప్పే విశేషాలు వ్రాసి భద్రపరచుట ఈ దిశలో అందరికీ సాధ్యమైన పని.

రవాణా సౌకర్యాలు, రాత్రి బస్సులు

విజయనగరం హౌరా-చెన్నై ప్రధాన రైలుమార్గంలో ఉన్న జంక్షన్. ఇక్కడ నుండి పార్వతీపురం మీదుగా రాయపూర్ వైపు మరొక మార్గం చీలుతుంది. రోడ్డు మార్గంలో విశాఖపట్నం సుమారు 60 కి.మీ., శ్రీకాకుళం సుమారు 70 కి.మీ. దూరంలో ఉన్నవి. చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారి నగరం గుండా పోదు. నాతవలస వద్ద ఆ రహదారి నుండి చీలిన 26వ నంబరు జాతీయ రహదారి విజయనగరం, సాలూరు మీదుగా ఒడిషా వైపు వెళుతుంది.

హైదరాబాదు 650 కి.మీ.కు పైగా దూరంలో ఉన్నది. ఈ బస్సులు మధ్యాహ్నం నుండి రాత్రి వరకు బయలుదేరి, విశాఖపట్నం, రాజమహేంద్రవరం, విజయవాడ ప్రాంతాల మీదుగా మరునాటి ఉదయానికి గమ్యం చేరుతాయి. సంక్రాంతి, దసరా సెలవులలో రద్దీ అధికం కనుక ముందుగా టిక్కెట్లు రిజర్వు చేసుకొనవలెను. ప్రైవేటు బస్సులు ఎక్కే స్థలం కాంప్లెక్సు కాకపోవచ్చును. కనుక టిక్కెట్టుపై వ్రాసిన స్థలం సరిచూసుకొనవలెను.

ఈ బస్సులలో ప్రయాణించేవారిలో విహారయాత్రీకులు కొద్దిమందే. ఎక్కువమంది ఉత్తరాంధ్ర పల్లెల నుండి భవన నిర్మాణ పనులకు, చిన్న ఉద్యోగాలకు, చదువులకు వెళ్ళేవారు. ఈ ప్రాంతం నుండి వలస కొత్తది కాదు. బ్రిటిషు పాలనా కాలంలో ఇక్కడివారు ఓడలలో బర్మా దేశపు రంగూనుకు పనులకై వెళ్ళేవారు. ఆ పట్టణాన్ని వారు "రంగం" అనేవారు. 1941 చివరలో జపాను దాడులు మొదలైన తరువాత వారిలో చాలామంది కష్టాలకోర్చి తిరిగివచ్చిరి. ఖరగ్‌పూర్ రైల్వే పనులకు, బెంగాలు జనపనార మిల్లులకు కూడ వలసలు సాగినవి. నేడు ఓడరేవు స్థానంలో బస్‌స్టేషన్ ఉన్నది.

అందువలన రాత్రి బస్సు ఎక్కేవారిలో చాలామందికి విజయనగరం సొంత జిల్లా అయినను, పని మీద వచ్చి పోయే ఊరు మాత్రమే. సంచులు, బియ్యం మూటలు, పిల్లలతో కాంప్లెక్సు బల్లలపై కూర్చున్నవారికి కోట ద్వారం గాని, గురజాడ ఇల్లు గాని అధిక దూరంలో లేవు. బస్సు సాయంకాలం ఏడు గంటలకైతే, ఆరు గంటలకు కాంప్లెక్సు చేరినను సరిపోతుంది. అంతవరకు గల సమయం నగరం చూచుటకు చాలును.